వయసు మళ్లిన హాస్యతార చివరి ధారావాహిక: చూసినవారి మాటలను సేకరించి రాయడం ఎలా

నల్లగొండ రామగిరిలోని మా ఇంటి ముందుగదిలో పోయిన వేసవిలో నాలుగు ఆదివారాలు ఏడుగురం కూర్చుని, అమెరికా హాస్యనటి లూసిల్ బాల్ తన 75వ ఏట నటించిన "లైఫ్ విత్ లూసీ" అనే ధారావాహికను చూశాము. చూసినవారి అభిప్రాయాలను ఒక స్థానిక పత్రికకు వ్యాసంగా రాసి ఇచ్చినప్పుడు, మొదటి వాక్యంలోనే "మిశ్రమ స్పందన లభించింది" అని రాశాను. మిగిలిన వ్యాసమంతా ఆ వాక్యాన్నే అటు తిప్పి ఇటు తిప్పి చెప్పింది. పత్రికవారు దాన్ని ఇంకా కుదించి, కొందరికి నచ్చింది, కొందరికి నచ్చలేదు అని అచ్చువేశారు. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన పక్కింటి అన్న అది చదివి, నన్ను గేటు దగ్గర ఆపి, "మేడమ్, నా మాట ఏది? నేను నచ్చిందనలే, నచ్చలేదనలే. ఆమెతోని గా పని చేయించినోళ్లది తప్పన్న" అన్నారు. ఆయన మాట నా నోటుపుస్తకంలో పదిలంగా ఉంది, వ్యాసంలో మాత్రం లేదు.

ఆ తర్వాత మహబూబ్‌నగర్‌లో మా ఆడబిడ్డ ఇంట్లో మరో ఐదుగురితో ఇదే పనిని మళ్లీ మొదటినుంచి చేశాను. రెండుచోట్లా చేసిన పొరపాట్ల వల్ల కుదిరిన పద్ధతి ఇది. పాత హాస్యనటుల కొత్త ధారావాహికలను ఇంటిల్లిపాదితోనో వీధివారితోనో చూసి, వారి మాటలను నలుగురు చదివేలా రాయదలచినవారికి పనికివస్తుందని రాస్తున్నాను. పద్ధతి అంతటికీ ఆధారమైన సంగతి ఒకటే: అభిప్రాయాలు రెండుగా చీలినట్టు కనిపించినప్పుడు, చాలాసార్లు ఆ మనుషులు ఒకే వస్తువును గురించి మాట్లాడి ఉండరు. ఒకరు రచనను గురించి, ఒకరు నటి ఒంటిని గురించి, ఇంకొకరు తమ జ్ఞాపకాన్ని గురించి మాట్లాడి ఉంటారు. వాటిని విడదీయడమే రాసేవారి పని. కలిపి సగటు తీయడం కాదు.

ఎంపిక, సంగతుల కాగితం

ఏ ధారావాహికను ఎంచుకున్నా, ఆ నటి లేదా నటుడి పాత పని మనకు అందుబాటులో ఉండాలి, కొత్త పని మొత్తం చూడగలిగినంత చిన్నదిగా ఉండాలి. రెండు వందల భాగాల ధారావాహికలో ఎనిమిది చూసి అభిప్రాయం అడిగితే, చెప్పేవారికీ రాసేవారికీ కాలు నిలవదు. లూసిల్ బాల్ ధారావాహిక ఈ విషయంలో ఎంతో అనుకూలమైనది.

ఆమె 1911 ఆగస్టు 6న పుట్టారు. అమెరికా టీవీ ఛానల్ సీబీఎస్‌లో 1951 అక్టోబరు నుంచి 1957 మే వరకు వచ్చిన "ఐ లవ్ లూసీ" 180 భాగాలతో ఆమెను అమెరికాలో ప్రతి ఇంటి మనిషిని చేసింది. ఆ తర్వాత 1962 నుంచి 1968 వరకు "ది లూసీ షో", 1968 నుంచి 1974 వరకు "హియర్స్ లూసీ" నడిచాయి. పన్నెండేళ్ల విరామం తర్వాత, 1986 సెప్టెంబరు 20న, ఏబీసీ అనే మరో ఛానల్‌లో "లైఫ్ విత్ లూసీ" మొదలైంది. భర్త పోయిన ఒక బామ్మకు ఇనుప సామాన్ల దుకాణంలో ఆయన సగం వాటా దక్కుతుంది. మిగతా సగం ఆమె వియ్యంకుడిది. కూతురు, అల్లుడు, మనవలు, వియ్యంకుడు అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. పదమూడు భాగాలు తీశారు. ఎనిమిది మాత్రమే ప్రసారమయ్యాయి. నవంబరు 15 నాటి భాగంతో ధారావాహిక ఆగిపోయింది. 2019లో పదమూడూ డీవీడీగా వచ్చాయి. "ఐ లవ్ లూసీ"కి మొదటినుంచీ రాసిన మాడెలిన్ డేవిస్, బాబ్ కారల్ జూనియర్‌లే దీనికీ రాశారు. ప్రేక్షకులు రచనను తప్పుపట్టినప్పుడు ఈ సంగతికి చాలా విలువ వస్తుంది.

ఇటువంటి వివరాలను ఒక కాగితం మీద రాసి మడిచి మీ దగ్గరే ఉంచుకోండి. చూడబోయేవారికి ముందుగా చెప్పవద్దు. "ఎనిమిది భాగాలకే ఆపేశారట" అనే మాట చెవిన పడిన మనిషి, మొదటి నిమిషం నుంచీ ఎందుకు ఆపేశారో వెదుకుతూ చూస్తాడు. నల్లగొండలో నేను ఆ మాట మొదటి ఆదివారమే చెప్పేశాను. ఇంటర్ చదివే మా చిన్నమ్మాయి పది నిమిషాలకే "ఆపేసిన్రంటే ఆపరా మరి" అని ఫోను చేతిలోకి తీసుకుంది. మహబూబ్‌నగర్‌లో ఆ కాగితాన్ని చివరి రోజుదాకా బయటికి తీయలేదు.

సరంజామా సంగతి క్లుప్తంగా చెబుతాను. మేనల్లుడు అమెరికా నుంచి తెచ్చిన డిస్కును మా ఇంటి ప్లేయర్ ఆడించలేదు. అక్కడి డిస్కులు 1వ ప్రాంతానికి, మన ప్లేయర్లు 5వ ప్రాంతానికి కేటాయించినవి. ల్యాప్‌టాప్ డ్రైవులో ప్రాంతం మార్చుకోవచ్చు గాని, మామూలుగా అయిదుసార్లకు మించి మార్చనివ్వదు. కాబట్టి ఒక పాత ల్యాప్‌టాప్‌ను ఇందుకే కేటాయించి, తీగతో టీవీకి తగిలించడం మంచిది. వచ్చినవారికి చాయ్, సకినాలు చూడటానికి ముందే పెట్టేయాలి. సకినం కొరికిన చప్పుడులో సన్నని నవ్వు వినిపించదు.

భాష తెలియని హాస్యాన్ని చూపించడం

ఈ దగ్గర నేను అన్నిటికంటే పెద్ద పొరపాటు చేశాను. మాటలు ఇంగ్లీషు, కింద అక్షరాలూ ఇంగ్లీషే. మా అత్తమ్మకూ, ఎదురింటి దర్జీ చెల్లెకూ అవి అందవని, ప్రతి రెండు నిమిషాలకు ఆపి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. హాస్యాన్ని ఆపి వివరిస్తే చూసేవారు నవ్వరు, తల ఊపుతారు. మొదటి భాగం పూర్తికావడానికి గంట పట్టింది; ఆ గంటలో ఎవరూ పెద్దగా నవ్వలేదు; దాన్ని నేను ధారావాహిక లోపంగా రాసుకున్నాను. అది నా లోపం.

రెండో ఆదివారం నుంచి భాగం పెట్టకముందే కథను అయిదారు వాక్యాల్లో చెప్పాను: ఎవరు ఎవరికి ఏమవుతారు, ఈ రోజు గొడవ దేనిమీద, ఎక్కడ మొదలవుతుంది. ముగింపు మాత్రం చెప్పలేదు. తర్వాత మధ్యలో ఆపలేదు. వియ్యపురాలు, వియ్యంకుడు ఒకే ఇంట్లో, ఒకే దుకాణంలో కొట్టుకుంటారంటే చాలు, మన దగ్గర మిగతాది ఎవరికీ విప్పి చెప్పనవసరం లేదు. దర్జీ చెల్లె "ఇద్దరు ఒక్క ఇంట్లనా? ఇగ అయినట్టే" అని, తెర వెలగకముందే నవ్వింది.

ఏది ముందు చూపించాలి

తార పాత పనిని ముందు చూపించాలా, కొత్త పనిని ముందు చూపించాలా అన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, అభిప్రాయాలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

నల్లగొండలో మా గదిలోని ఏడుగురిలో నేను తప్ప ఎవరికీ లూసిల్ బాల్ పేరు తెలియదు. అందువల్ల పరిచయంగా "ఐ లవ్ లూసీ"లో 1952 నాటి ఒక భాగం పెట్టాను. అందులో ఇద్దరు స్త్రీలు చాక్లెట్ల కర్మాగారంలో పనికి చేరతారు. కదిలే పట్టీ మీద చాక్లెట్లు వేగంగా వస్తుంటే వాటికి కాగితం చుట్టలేక నోట్లో, టోపీలో, జాకెట్టులో కుక్కుకుంటారు. గదిలో అందరూ పగలబడి నవ్వారు. ఆ వెంటనే 1986 నాటి మొదటి భాగం పెట్టాను. ఆ ముఖం మీద ముప్పై నాలుగేళ్లు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. గది చల్లబడిపోయింది. ఆ నటిని గంట కిందటివరకు ఎరుగని మనుషులు, "మునుపటి లెక్క లేదు" అన్నారు. మునుపు అంటే వాళ్లకు ఆ గంటే.

మహబూబ్‌నగర్‌లో క్రమం తారుమారు చేశాను. ముందు 1986 నాటి రెండు భాగాలు చూపించాను. మా ఆడబిడ్డ, "ఎవరమ్మా ఈమె, ముసల్దైనా భలే హుషారున్నది" అంది. చివరి రోజున చాక్లెట్ల భాగం పెడితే, వాళ్లలో ఒకాయన, "అప్పుడు గూడ గిట్లనే ఉన్నది గద, గంతే మొండిది" అన్నారు. నల్లగొండలో పోగొట్టుకున్నదిగా కనిపించినది, అక్కడ మిగిలివున్నదిగా కనిపించింది. పన్నెండుమందిని చూసి సూత్రం కట్టను గాని, ఏ క్రమంలో చూపించారో రాయకుండా అభిప్రాయాలు మాత్రమే రాస్తే చదివేవారిని తప్పుదారి పట్టించినట్టే.

మన తెలుగులో అయితే ఈ క్రమం మన చేతిలో ఉండదు, చూసేవారు పాతదాన్ని మనసులో పెట్టుకునే వస్తారు. జెమినీ టీవీలో 2001 నుంచి 2007 వరకు వచ్చిన "అమృతం" తర్వాత, 2020లో జీ5లో "అమృతం ద్వితీయం" వచ్చినప్పుడు మా బంధువుల్లో జరిగిన వాదనలను నేను అప్పట్లోనే కొంత రాసిపెట్టుకున్నాను. ఆంజనేయులుగా వేసిన గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరిలో చనిపోయారు. ఆ పాత్రను ఎల్.బి. శ్రీరామ్ వేశారు. "అంజి లేడు" అని ఒకరంటే, "ఉన్నడు గద" అని ఇంకొకరన్నారు. నిజానికి ఇద్దరూ ఎల్.బి. శ్రీరామ్ నటనను గురించి ఒక్క మాటైనా చెప్పలేదు. అటువంటి చోట, "పాతదానిలో మీకు గుర్తున్న ఒక్క ఘట్టం చెప్పండి" అని చూపించక ముందే అడిగి రాసుకోవాలి. ఏ ఘట్టం చెబుతారో, దాదాపు ఆ కొలతతోనే కొత్తదాన్ని కొలుస్తారు.

నవ్వును రాసుకోవడం

నోటుపుస్తకంలో ఎడమ పేజీని నవ్వుకు, కుడి పేజీని మాటకు కేటాయించండి. ఎడమ పేజీలో ఒక్కొక్కరికి ఒక్కొక్క వరుస గీసి, పేరుకు బదులు ఒక అక్షరం పెట్టండి. బయటికి వినిపించిన నవ్వుకు నిలువు గీత, చిరునవ్వుకు చుక్క. టీవీలోని జనం నవ్వినప్పుడు గదిలో ఎవరూ నవ్వకపోతే సున్న. ఈ సున్నలు చాలా పనికివస్తాయి. లూసిల్ బాల్ ధారావాహికలు ప్రేక్షకులను ఎదుట కూర్చోబెట్టి తీసినవి; 1986లో ఆమె తెర మీదికి రాగానే వాళ్లు చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు అంతకుముందరి పాతికేళ్లకు కొట్టినవి, ఆ ఘట్టానికి కొట్టినవి కావు. మా గదిలో ఆ పాతికేళ్లు లేవు గనుక చప్పట్లు మోగినప్పుడల్లా నా పుస్తకంలో సున్న పడింది.

ఎడమ పేజీకీ కుడి పేజీకీ పొత్తు కుదరకపోవడమే ఈ పనిలో రుచి. మూడో ఆదివారం నాటి పేజీ ఇప్పుడు నా ముందుంది. అత్తమ్మ వరుసలో తొమ్మిది నిలువు గీతలున్నాయి. గదిలో ఎవరికీ అన్ని లేవు. కుడి పేజీలో ఆమె మాట ఇలా ఉంది: "పిల్లా, ఆమె పడ్తదేమోనని నా పానం గుంజుతున్నది, నవ్వెక్కడ్నించి వస్తది?" రెండూ నిజమే. గీతలు పడిన చోట్లను మళ్లీ పెట్టి చూస్తే, తొమ్మిదింట్లో ఏడు, వియ్యంకుడి పాత్ర వేసిన గేల్ గోర్డన్ ముఖం మీద కోపం మెల్లగా పైకెక్కే చోట్లు. ఆయనకు అప్పటికి 80 ఏళ్లు. లూసిల్‌తో రేడియో కాలం నుంచీ కలిసి పనిచేసినవారు. "ది లూసీ షో"లోనూ "హియర్స్ లూసీ"లోనూ ఆమె మీద అరిచిన పెద్దమనిషి ఆయనే. లూసిల్ పరుగెత్తే చోట మాత్రం అత్తమ్మ నవ్వలేదు. కుర్చీ చేతిని పట్టుకుంది. అందుకే ఆ పేజీ అంచున "చేయి" అని ఒక్క మాట రాసివుంది. నవ్వును మాత్రమే రాసుకుని ఇటువంటివి వదిలేస్తే ఆమె మాటను నమ్మలేము. మాటను మాత్రమే రాసుకుంటే ఆమె అసలు నవ్వలేదనుకుంటాము.

అడిగే ప్రశ్న

భాగం అయిపోగానే "ఎట్లున్నది?" అని అడగవద్దు. "మంచిగనే ఉన్నది" అనే జవాబు వస్తుంది, ఇంటికొచ్చినవారి మర్యాద అది. "ఏ చోట మీరు లేచి వెళ్లాలనుకున్నారు?" అని ఒకసారి, "రేపు ఇంట్ల ఎవరికైనా చెప్తే ఏది చెప్తరు?" అని ఒకసారి అడగండి. రెండో ప్రశ్న పెద్దవారి చేత బాగా మాట్లాడిస్తుంది. దర్జీ చెల్లె దానికి ఇచ్చిన జవాబు నేను ఊహించనిది: "ఆమె మొగుడు పోయినంక మూలకు కూసోలే, దుకాణానికి వచ్చింది, నా సగం నాకున్నదన్నది. గదే చెప్త." హాస్యం ఎలా ఉందని ఎన్నిసార్లు అడిగినా ఆ మాట బయటికి వచ్చేది కాదు.

మాటను మాట్లాడిన యాసలోనే రాసుకోవాలి. పుస్తక భాషలోకి మార్చుకుంటూ రాస్తే, "గంతే మొండిది" కాస్తా "అదే పట్టుదల" అయి కూర్చుంటుంది, అందులోని చనువు పోతుంది. వ్యాసం గ్రాంథికంగా సాగినా ఉటంకింపులు నోటిమాటగానే ఉండాలి. నేను రామగిరిలో విన్న మాటను పాలమూరు మాటగా రాయకూడదు, అటుదాన్ని ఇటుగా రాయకూడదు. చదివేవారు ఒక్క క్రియాపదంతో పట్టేస్తారు.

విడదీయడం

అన్ని భాగాలూ అయ్యాక, కుడి పేజీల్లోని ప్రతి మాట పక్కన అది దేనిని గురించినదో ఒక చిన్న గుర్తు పెట్టండి. మా పన్నెండుమంది మాటలు ముఖ్యంగా నాలుగు వైపులకు వెళ్లాయి.

రచన వైపు వెళ్లినవి తక్కువే గాని సూటిగా ఉన్నాయి. "ఏం జరుగుతదో ముందే తెలుస్తున్నది" అని మా చిన్నమ్మాయి అన్నది, అది నిజం. అదే రచయితలు 1952లో కదిలే పట్టీని పెట్టినప్పుడు కూడా ఏం జరగబోతోందో చూసేవారికి ముందే తెలుసు. కాని అక్కడ పట్టీ వేగం పెరిగేకొద్దీ ఆమె ఏం చేస్తుందో తెలియదు. 1986లో ఆమె ఏం చేస్తుందో అనే ఆ ముడి ఎక్కువ చోట్ల వదులుగా ఉందని నా అభిప్రాయం. ఇటువంటి చోట రాసేవారు తమ తీర్పు ఇవ్వడానికి వెనుకాడనవసరం లేదు. అది తన తీర్పని తెలిసేలా రాస్తే చాలు.

ఒంటి వైపు వెళ్లినవే అన్నిటికంటే ఎక్కువ. వీటిలో అత్తమ్మ భయం ఉంది, పక్కింటి అన్న కోపం ఉంది. వీటిని "నచ్చలేదు" గదిలో వేయడం వల్లే నా మొదటి వ్యాసం చెడింది. ఒంటితో నవ్వించే హాస్యానికి, చూసేవాడు ఆ మనిషికి దెబ్బ తగలదని నమ్మడం అవసరం. నలభై ఏళ్ల మనిషి జారిపడితే ఆ నమ్మకం అడగకుండానే వస్తుంది. డెబ్బై ఐదేళ్ల మనిషి విషయంలో దాన్ని కథే సంపాదించిపెట్టాలి. 1972లో స్కీయింగ్‌లో ఆమె కాలు విరిగినప్పుడు, "హియర్స్ లూసీ"లో ఆ కట్టును కథలోనే ఇమిడ్చారు. కాలు కదలదు గనుక హాస్యం ఇంకోచోట వెదకవలసి వచ్చింది. 1986లో ఆమెను బామ్మ అని పిలిచారు గాని, ఘట్టాలు మాత్రం పాత లూసీకి రాసినట్టే రాశారు. పక్కింటి అన్న చెప్పిన తప్పు ఇదే. పోలికకు మరో అమెరికా హాస్యనటుడు బాబ్ న్యూహార్ట్‌ను చూడవచ్చు. ఆయన హాస్యం మాట మధ్య మౌనంలోనూ, తడబాటులోనూ ఉండేది. 84వ ఏట, 2013లో, "ది బిగ్ బ్యాంగ్ థియరీ" అనే ధారావాహికలో అతిథి పాత్రకు, అమెరికా టీవీ పురస్కారమైన ఎమ్మీని మొదటిసారి అందుకున్నారు. వయసు ఆయన మౌనాలను పొడిగించిందే గాని చెడగొట్టలేదు. కాబట్టి చూసినవారు "ముసలితనం కనబడుతున్నది" అన్నప్పుడు, ఆ తార హాస్యం ఒంటిలో ఉందా, మాటలో ఉందా అని ముందు చూసుకుని, ఆ తర్వాతనే దాన్ని విమర్శగా రాయాలి.

జ్ఞాపకం వైపు వెళ్లినవాటిని గురించి పైన చెప్పాను.

నాలుగోది మర్యాద. "ఆ వయసుల అంత చేసుడే గొప్ప" అనే మాట రెండు ఊళ్లలోనూ వచ్చింది, అన్నవారు మనస్ఫూర్తిగానే అన్నారు. అది ఒక మనిషి మీద గౌరవం, ధారావాహిక మీద అభిప్రాయం కాదు. దీన్ని మెప్పుల లెక్కలో కలిపితే వ్యాసం తీపెక్కుతుంది. తీసేస్తే ఆ గదిలో ఉన్న ఆదరం చదివేవారికి తెలియకుండా పోతుంది. నేను దానికి ఒక పేరా విడిగా ఇచ్చాను. అట్లా అన్న ఒక రిటైర్డ్ మాస్టారును, "మరి రేపటి భాగం చూస్తారా సార్?" అని అడిగితే, ఆయన కొంచెం ఆలోచించి, "రేపు పని ఉన్నదమ్మా" అన్నారు. దాన్నీ రాశాను.

కాగితం విప్పడం

చివరి భాగం అయ్యాక, అభిప్రాయాలన్నీ రాసుకున్నాక, సంగతుల కాగితం విప్పి చదవండి. ఎనిమిది భాగాలకే ప్రసారం ఆగిందని, ఆగిన మూడు వారాల లోపే, 1986 డిసెంబరు 2న, ఆమె మొదటి భర్త, "ఐ లవ్ లూసీ"లో భర్తగా వేసిన డెసీ ఆర్నాజ్ చనిపోయారని, 1989 ఏప్రిల్ 26న ఆమె కూడా కన్నుమూశారని అప్పుడు చెప్పాను. మహబూబ్‌నగర్‌లో ముగ్గురు వెంటనే తమ మాటను మెత్తబరిచారు. ఒకావిడ తాను అన్న "విసుగొచ్చింది" అనే మాటను కొట్టేయమంది.

కొట్టేయవద్దు. పేజీ మీద అడ్డంగా ఒక గీత గీసి, దాని కింద కొత్త మాటను రాయండి. వ్యాసంలో రెండూ ఇవ్వండి, ఏది ఎప్పుడు అన్నదో చెబుతూ. అంతకుముందు మాట తెర మీది నటిని చూసి అన్నది, తర్వాతి మాట చనిపోయిన మనిషిని తలుచుకుని అన్నది. వేసిన తొలినాళ్లలోనే చూసిన అమెరికా ప్రేక్షకులకూ, డీవీడీలో చూసినవారికీ మధ్య కూడా ఇదే తేడా ఉంటుంది. 1986లో చూసినవాడికి వచ్చే వారం ఇంకో భాగం ఉందనే ధీమా ఉండేది.

వ్యాసంగా కూర్చడం

మొదటి పేరాలో ఎంతమంది చూశారు, ఎన్ని భాగాలు, ఏ క్రమంలో, భాష ఎవరికి ఎంత అందింది అనేవి చెప్పేయండి. నల్లగొండ ఏడుగురు, మహబూబ్‌నగర్ ఐదుగురు అని అంకెలు ఇవ్వండి గాని, వాటిని శాతాలుగా మార్చవద్దు. పన్నెండుమందిలో నలుగురిని 33 శాతం అంటే, చదివేవారికి ఎక్కడో వెయ్యిమంది ఉన్నారనిపిస్తుంది. "కొందరు", "మరికొందరు", "ఇంకొందరు" అనే మాటలు వచ్చిన ప్రతిచోటా ఆగి, ఆ కొందరు ఎవరో ఒక్క విశేషణంతోనైనా చెప్పండి: దుకాణం నడిపిన మనిషా, మనవలున్న మనిషా, కాలు నొప్పితో లేవలేని మనిషా. పేర్లు అక్కరలేదు, ఆ ఒక్క విశేషణం లేకపోతే మాత్రం మాటకు వేరు ఉండదు.

బాగా మాట్లాడినవారి మాటతో మొదలుపెట్టాలనే ఆశ పుడుతుంది. నేను ఇప్పుడు ఎడమ పేజీకీ కుడి పేజీకీ ఎక్కువ తేడా ఉన్న మనిషితో మొదలుపెడుతున్నాను. రెండో వ్యాసం అత్తమ్మ తొమ్మిది గీతలతో, కుర్చీ చేతితో మొదలైంది. పక్కింటి అన్న మాట రెండో పేరాలో వచ్చింది. దాని వెంటనే 1972 నాటి కాలి కట్టు సంగతి ఇచ్చాను, ఆయన మాటకు అది సాక్ష్యం గనుక. కాగితంలో ఉన్న మిగతా సంగతులు చాలావరకు వాడలేదు. ఎవరి మాటకూ అతకని సంగతిని, తెలుసు కదా అని చొప్పిస్తే వ్యాసం పాఠ్యపుస్తకంలా తయారవుతుంది.

పత్రికకు పంపేముందు, మాట్లాడినవారికి వారి వారి వాక్యాలను చదివి వినిపించండి. నేను మొదటిసారి ఈ పని చేయలేదు. రెండోసారి సాయంత్రంపూట అత్తమ్మ మంచం దగ్గర కూర్చుని ఆమె పేరా చదివాను. అందులో "ఆ నటి వయసును చూసి ఆమె జాలిపడింది" అని నా వాక్యం ఒకటుంది. అత్తమ్మ చేయి ఎత్తి ఆపింది. "జాలి ఎవరికి పిల్లా? ఆమె నాకంటె చిన్నది. పక్కనుంటె చేయి పట్టుకుందు, గంతే." జాలి అనే మాటను కొట్టేసి, ఆమె చెప్పినది చెప్పినట్టు రాసి, వ్యాసాన్ని మర్నాడు పంపాను.